పుల్లలతో భోజనం: చాప్‌స్టిక్స్ స్వయంగా నేర్చుకునే పాఠాలు

మొదటి పాఠం: ఏ పుల్లలు కొనాలి

చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు చాప్‌స్టిక్స్‌తో పని పడే సందర్భాలు బాగానే పెరిగాయి. శ్రీపెరుంబుదూరు దారిలో ఇరుంగాట్టుకోట్టై దగ్గర హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీలో 1998లో ఉత్పత్తి మొదలైంది. దాని వెనకే విడిభాగాల కంపెనీలు, వాటి వెనకే కొరియన్ కుటుంబాలు, వాళ్ల వెనకే కొరియన్ హోటళ్లు వచ్చాయి. ఉత్తరాన తడ దగ్గరి శ్రీసిటీలో జపాన్ కంపెనీలు చాలా ఉన్నాయి. చెన్నై నుంచి రోజూ అక్కడికి వెళ్లి వచ్చేవాళ్లకు మధ్యాహ్నం భోజనానికి ఎదురుగా కూర్చునేది జపాన్ ఇంజినీరు కావచ్చు. ఫోర్కు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అయినా రోజుకు పది నిమిషాలు కేటాయిస్తే మూడు నాలుగు వారాల్లో వచ్చే విద్య ఇది. ఒక్కో పాఠం చివర ఒక పరీక్ష ఉంటే, అది నెగ్గాకే తర్వాతి పాఠానికి వెళ్లండి. వారం పట్టినా సరే, రెండు రోజులు పట్టినా సరే.

ముందు పుల్లల సంగతి. అన్ని దేశాల పుల్లలూ ఒకటి కావు. చైనావి పొడుగ్గా, 25 సెం.మీ. దాటి, మొన మొద్దుగా ఉంటాయి. బల్ల మధ్యలో పెట్టిన గిన్నెల్లోంచి అందరూ అందుకుని తింటారు కాబట్టి ఆ పొడవు కావాలి. జపాన్‌వి పొట్టి. సాధారణంగా 20 నుంచి 23 సెం.మీ. ఉండి, మొన సన్నగా చెక్కి ఉంటాయి. అక్కడ ఎవరి గిన్నెలు వాళ్ల ముందే ఉంటాయి, చేప ముల్లు ఏరుకోవడానికి ఆ సన్నటి మొన పనికొస్తుంది. కొరియావి స్టీలువి, చదునుగా ఉంటాయి. నేర్చుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనవి అవే, అందుకే వాటిని ఆరో పాఠానికి వాయిదా వేశాం.

నేర్చుకునేవాళ్లకు రంగు, పాలిష్ లేని వెదురు లేదా చెక్క పుల్లలే మేలు. వాటి గరుకుదనం పట్టు ఇస్తుంది. పై సగం పలకలుగా ఉన్నవి తీసుకోండి, వేళ్ల మధ్య దొర్లవు. మొన 3, 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. బహుమతి పెట్టెల్లో వచ్చే నిగనిగలాడే లక్క పుల్లలు చూడ్డానికి బాగుంటాయి, అంతే. వాటిని ప్రస్తుతానికి పెట్టెలోనే ఉంచండి. హోటళ్లలో ఎక్కువగా కనిపించే మెలమైన్ పుల్లలు విరగవు, సులువుగా కడగొచ్చు, అందుకే హోటలువాళ్లకు ఇష్టం. కానీ నూనె తగిలితే జారిపోతాయి.

పొడవుకు జపాన్‌లో ఒక లెక్క వాడుకలో ఉంది. బొటనవేలు, చూపుడువేలు లంబకోణంలో చాచి, ఆ రెండు కొనల మధ్య దూరం స్కేలుతో కొలవండి. దానికి ఒకటిన్నర రెట్లు మీ పుల్ల పొడవు. 15 సెం.మీ. వస్తే 22.5 సెం.మీ. పుల్లలు. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పిల్లలకు మాత్రం పెద్దవాళ్ల పుల్లలు ఇవ్వకండి, లావు కొస బరువుకి చేయి తిరగదు.

పార్సిల్‌తో వచ్చే జంట పుల్లలు కూడా సాధనకు చాలు. వాటిని విడదీసేటప్పుడు రెండు చేతులూ ఒకే ఎత్తులో పట్టుకుని సమానంగా లాగండి. ఒక చేయి పైన, ఒక చేయి కింద ఉంటే చీలిక పక్కకు పోయి, ఒక పుల్లకు గూటం, ఇంకో పుల్లకు తొర్రి మిగులుతాయి. పీచు లేస్తే వేలితో గిల్లి తీసేయండి. రెండిటినీ ఒకదానికొకటి రుద్దడం జపాన్‌వాళ్ల ముందు చేయకూడదు, నాసిరకం పుల్లలు ఇచ్చారని హోటలువాణ్ణి తిట్టినట్టు లెక్క.

ఒక హెచ్చరిక. రెండు పుల్లల లావు కొసల మధ్య కాగితం మడిచి పెట్టి రబ్బరు బ్యాండు చుట్టే చిట్కా వీడియోల్లో చాలా కనిపిస్తుంది. అన్నం తినడం వరకు పని జరుగుతుంది. కానీ అది రెండు పుల్లల్నీ కదపడం నేర్పుతుంది. అసలు విద్యలో కదిలేది ఒక్కటే. రబ్బరు బ్యాండుతో నెల తిన్నవాళ్లు తర్వాత అలవాటు మార్చుకోవడానికి ఇంకో నెల తీసుకుంటారు. చిన్నపిల్లలకు ఉంగరాలున్న శిక్షణ పుల్లలు వేరు, అవి వేళ్లను సరైన చోట నిలబెడతాయి, వాడొచ్చు.

రెండో పాఠం: పట్టు

పుల్లకు సన్నటి కొసను మొన అనీ, లావు కొసను మొదలు అనీ పిలుద్దాం. కింది పుల్ల గుమ్మం, పై పుల్ల తలుపు: గుమ్మం కదలదు. ఈ పాఠమంతా దీని మీదే నిలబడి ఉంది.

మొదట కింది పుల్ల ఒక్కటే తీసుకోండి. కుడి చేయి కరచాలనానికి చాచినట్టు పెట్టి, వేళ్లు కొద్దిగా ముడవండి. పుల్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో, లోతుగా ఆనించండి. ముందువైపు అది ఉంగరపు వేలి మీద కూర్చోవాలి. వేలి కొన మీద కాదు, గోరు పక్కన, మొదటి కణుపు దగ్గర. ఉంగరపు వేలు వంగి ఉండాలి, చిటికెన వేలు దాని కింద ఆసరాగా ఆనుకోవాలి. ఇప్పుడు బొటనవేలి మొదట్లోని కండతో పుల్లను సందులోకి అదమండి. మొదలు వైపు మూడో వంతు చేతికి వెనక్కి రావాలి, మూడింట రెండు వంతులు ముందుకు పోవాలి. 22 సెం.మీ. పుల్లకు సందు దగ్గర పట్టు మొదలు నుంచి 7 సెం.మీ. దూరంలో పడుతుంది.

ఇక్కడ ఆగి, ఎడమ చేత్తో మొన పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదపండి. పుల్ల ఊగితే బొటనవేలి కండ వదులుగా ఉందన్న మాట. ఊగకపోతే చూపుడువేలు, మధ్యవేలు గాలిలో ఆడించి చూడండి. ఆ రెండూ ఎంత ఆడినా కింది పుల్ల చలించకూడదు. తొలిరోజు దీనికి మించి ఏమీ చేయకండి. టీవీ చూస్తూ ఐదు నిమిషాలు పట్టుకు కూర్చున్నా చాలు.

రెండో రోజు పై పుల్ల. దీన్ని పెన్ను పట్టినట్టే పట్టాలి: బొటనవేలి కొన ఒకవైపు, చూపుడువేలి మెత్తటి భాగం పైన, మధ్యవేలి పక్క కింద. పుల్ల చూపుడువేలి మొదటి కణుపుకు ఆని పైకి పోతుంది. బొటనవేలు ఇప్పుడు రెండు పనులు చేస్తోంది. దాని మొదలు కింది పుల్లను అదుముతుంది, దాని కొన పై పుల్లకు ఇరుసుగా నిలుస్తుంది. అందుకే బొటనవేలు నిటారుగా, చదునుగా ఉండాలి. కణుపు దగ్గర వంచితే రెండు పనుల్లో ఒకటి చెడుతుంది.

రెండు మొనలూ సమంగా ఉండాలి. ఒకటి అరసెంటీమీటరు ముందుకు పోయినా చిన్న ముక్క పట్టుకోలేరు. పుల్లల్ని నిలువుగా పట్టి మొనల్ని పళ్లెం మీద ఆనిస్తే వాటంతట అవే సమం అవుతాయి. గట్టిగా టకటకలాడించకండి.

కదలిక ఇలా: చూపుడువేలు, మధ్యవేలు కలిసి చాపితే పై పుల్ల లేచి నోరు తెరుచుకుంటుంది. కలిసి ముడిస్తే మూసుకుంటుంది. తెరిచేటప్పుడు లేపేది మధ్యవేలు, మూసేటప్పుడు అదిమేది చూపుడువేలు. మధ్యవేలు పై పుల్ల కింద లేకపోతే తెరవడానికి బలం ఎక్కడా దొరకదు. తొలివారంలో చాలామంది ‘మూసుకుంటోంది గానీ తెరుచుకోవట్లేదు’ అంటారు. కారణం ఇదే. మొనల మధ్య 3, 4 సెం.మీ. తెరుచుకుంటే చాలు, అంతకన్నా పెద్ద ముక్క ఎలాగూ ఒక్క ముద్దకు రాదు.

ఎడమచేతి వాటం వాళ్లు ఎడమ చేత్తోనే నేర్చుకోండి. రాసే చేయి ఏదో అదే పుల్లల చేయి. ఇంట్లో ముద్ద ఎడమ చేత్తో పెట్టుకుంటే బామ్మ ఒప్పుకోకపోవచ్చు గానీ, ఇది ముద్ద కాదు. ఇరుకు బల్ల దగ్గర మాత్రం ఎడమ చివరి కుర్చీ చూసుకోండి, మోచేతులు తగలవు.

పరీక్ష: మొనలు రెండూ కలిసి ‘టిక్’ మనేలా ఇరవైసార్లు వరసగా తెరిచి మూయాలి. మధ్యలో ఒక్కసారైనా మొనలు ఒకదాన్నొకటి దాటితే మళ్లీ ఒకటి నుంచి.

మూడో పాఠం: ఎక్కడ తప్పుతుంది, ఎందుకు

మొనలు కత్తెరలా అడ్డం పడటం అందరికీ వచ్చే తప్పు. రెండు పుల్లలూ ఒకే తలంలో లేకపోతే ఇలా అవుతుంది. సాధారణంగా బొటనవేలు వంగి, పై పుల్ల పక్కకు దొర్లి ఉంటుంది. చేయి మీ ముఖం వైపు తిప్పి మొనల వైపు నుంచి చూడండి, పై పుల్ల సరిగ్గా కింది పుల్ల నెత్తిన ఉండాలి. లేకపోతే బొటనవేలు చాచి, పై పుల్లను వేళ్ల మధ్య అర చుట్టు తిప్పి సరిచేయండి. పలకల పుల్లలు కొనమన్నది ఇందుకే. దొర్లినప్పుడు పలక మారినట్టు వేలికి తెలుస్తుంది, గుండ్రటి పుల్లలో తెలియదు.

రెండో తప్పు, కింది పుల్ల కూడా కదలడం. ఇది కంటికి కనబడదు, ఎందుకంటే ముక్క అప్పుడప్పుడు దొరుకుతూనే ఉంటుంది. కనిపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. కింది పుల్లను బల్ల అంచుకో పుస్తకం అంచుకో ఆనించి పెట్టి, పై పుల్లను మాత్రం ఆడించండి. కింది పుల్ల అంచును వదిలి లేస్తే ఉంగరపు వేలు వదులైందన్న మాట. చిటికెన వేలిని మళ్లీ కిందికి తెచ్చి ఆసరా పెట్టండి.

మొన దగ్గరికి జారి పట్టుకోవడం మూడోది. భయం వల్ల చేయి ముక్కకు దగ్గరగా పోతుంది. అలా పట్టుకుంటే అదుపు ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ నోరు తెరుచుకోదు, వేళ్లకు కూర అంటుతుంది. చెయ్యి జారినప్పుడల్లా తెలిసేలా సాధన పుల్లల మీద పెన్సిలుతో గీత పెట్టుకోండి, మొదలు నుంచి 7 సెం.మీ. దగ్గర.

ఎక్కువ బలం పెట్టడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. శనగ గింజ ఎగిరి పక్కవాళ్ల పళ్లెంలో పడేది దీనివల్లే. గుండ్రటి వస్తువును దాని నడిమికి పైభాగాన పట్టి నొక్కితే అది కిందికి జారుతుంది. నడిమికి కిందిభాగాన పట్టి నొక్కితే పైకి ఎగురుతుంది. సరిగ్గా నడుము మీద, రెండు మొనలూ ఎదురెదురుగా పడితే తక్కువ బలంతోనే నిలుస్తుంది. కాబట్టి గింజ జారినప్పుడు ఇంకా గట్టిగా నొక్కకండి. వదిలేసి, మొనలు అరమిల్లీమీటరు కిందికి దించి, మళ్లీ పట్టండి. పుల్లల్ని పళ్లానికి నిట్టనిలువుగా కాక, కాస్త పడుకోబెట్టినట్టు వాలుగా పెడితే నడుము తేలిగ్గా దొరుకుతుంది.

బొటనవేలి మొదట్లో నొప్పి రావడం మామూలే. అక్కడి కండకు ఇలా ఒకే తీరుగా అదిమి ఉంచే అలవాటు లేదు. నొప్పి రాగానే పుల్లలు కింద పెట్టి చేయి విదిలించండి. రోజుకు ఒకేసారి అరగంట కన్నా ఐదేసి నిమిషాలు రెండుసార్లు మేలు. ముంజేయి దాకా నొప్పి పాకితే మీరు పుల్లల్ని పిసుకుతున్నారన్న మాట.

మణికట్టు తిప్పి ముక్కను అందుకోవడం, మెడ వంచి పళ్లెం దగ్గరికి పోవడం చిన్న తప్పులు, అద్దం ముందు కూర్చుంటే వాటంతట అవే పోతాయి.

నాలుగో పాఠం: గిన్నె నుంచి గిన్నెకు

రెండు స్టీలు గిన్నెలు, ఒకదాంట్లో ఇరవై వస్తువులు. ఒకటి తర్వాత ఒకటిగా రెండోదాంట్లోకి మార్చాలి. ఏ వస్తువులు అన్నదే ముఖ్యం. గరుకు నుంచి నునుపుకు, పెద్ద నుంచి చిన్నకు, పొడి నుంచి తడికి వెళ్లాలి.

మొదట గిన్నెలు తోమే స్పాంజిని (కొత్తది) 2 సెం.మీ. ముక్కలుగా కోసి వాడండి. ఎంత నొక్కినా జారవు. ఆ తర్వాత అదే కొలతలో పనీరు ముక్కలు. ఎక్కువ నొక్కితే పనీరు విరుగుతుంది కాబట్టి బలం తగ్గించడం అదే నేర్పుతుంది. మూడోది ఉడికించిన కాబూలీ శనగలు. మెరీనా బీచ్‌లో అమ్మే సుండల్ పొట్లం ఇంటికి తెచ్చుకున్నా సరే, అందులో బఠాణీలు, మామిడి ముక్కలు, కొబ్బరి కలిసి ఉంటాయి కాబట్టి ఒక్క పొట్లంలోనే మూడు రకాల పట్టు. శనగల తర్వాత పొట్టుతో ఉన్న పచ్చి పల్లీలు, చివరికి ఎండు బఠాణీలు. పెసలు, బియ్యపు గింజలు పట్టుకోవడం పందేలకు పనికొస్తుంది గానీ భోజనానికి అక్కర్లేదు.

పరీక్ష: ఇరవై ఉడికించిన శనగలు ఒక్క నిమిషంలో. బల్ల మీద పడ్డది లెక్కలోకి రాదు.

ఇక తినే వస్తువులు. వేపుడు ముక్కలు అన్నిటికన్నా సులువు. చికెన్ 65, గోబీ 65, పునుగులు, పకోడీ వంటివాటికి పైన గరుకు పొర ఉంటుంది. అందులో మొన కొరుకుతుంది. దొండకాయ వేపుడు నిలువుగా చీల్చి చేస్తే పట్టుకోగలరు, చక్రాలుగా తరిగితే నూనెకి జారతాయి. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీద కీబోర్డు ముందు కూర్చుని జంతికలు తినేవాళ్లకు పుల్లల వల్ల ఇంకో లాభం ఉంది. మీటల మీద నూనె మరక పడదు. జపాన్‌లో చిప్స్‌ను ఇలాగే తినేవాళ్లు ఉన్నారు. అయితే చేగోడీ రంధ్రంలో పుల్ల దూర్చి లేపడం విద్య కింద చెల్లదు.

ఇడ్లీ మంచి గురువు. కొత్తవాళ్లు దాన్ని మొత్తంగా ఎత్తబోతారు. ముందు విడగొట్టాలి. రెండు మొనలూ దగ్గరగా మూసి ఇడ్లీ మధ్యలో గుచ్చి, లోపలే తెరవండి, రెండుగా చీలుతుంది. సగాన్ని మళ్లీ అలాగే. ఇలా నాలుగు ముక్కలయ్యాక ఒక్కోదాన్ని పక్కల నుంచి పట్టి, చట్నీలో ఒక అంచు మాత్రం అద్ది తీయండి. ముక్క మొత్తం సాంబారులో ముంచితే నీరు పీల్చి బరువెక్కి, మొనల దగ్గర తెగి పడుతుంది. టోఫు (సోయా పనీరు), ఉడికిన బంగాళాదుంప, పెద్ద కిమ్చీ (కొరియావాళ్ల పులియబెట్టిన క్యాబేజీ) ఆకు, చేప ముక్క అన్నిటినీ ఇలాగే తెరిచి చీలుస్తారు. మొనతో పొడిచి ఎత్తడం అలవాటు చేసుకోవద్దు.

ఉడికించిన కోడిగుడ్డును నొక్కి ఎత్తలేరు. పుల్లల్ని 2 సెం.మీ. ఎడంగా, సమాంతరంగా పెట్టి, గుడ్డు కింది నుంచి రెండు పట్టాల మీద మోసినట్టు లేపాలి. మెత్తటి టోఫుకూ ఇదే పద్ధతి.

ఐదో పాఠం: నూడుల్స్, అన్నం

చెన్నైలో ఉన్నవాళ్లకు నూడుల్స్ సాధనకు మంచి ఆధారం పొద్దున్నే దొరుకుతుంది: ఇడియాప్పం. కొబ్బరిపాలు పోయకముందు, పొడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మధ్యలో గుచ్చకండి, అక్కడ పోగులన్నీ అల్లుకుని ఉంటాయి, మొత్తం చుట్ట లేస్తుంది. అంచు నుంచి ఐదారు పోగులు పట్టి నెమ్మదిగా పైకి లాగండి. బియ్యప్పిండిలో గ్లూటెన్ (గోధుమపిండికి సాగుడునిచ్చే ప్రోటీన్) ఉండదు కాబట్టి పోగు సాగదు. ఊపుగా లాగితే తెగుతుంది. ఈ నెమ్మది వచ్చాక గోధుమ నూడుల్స్ చాలా తేలిక.

రెండో మెట్టు అతో. 1960లలో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు వెంట తెచ్చిన వంటకం ఇది. బర్మా బజార్ చుట్టుపక్కల సాయంత్రం బండ్ల మీద దొరుకుతుంది. నూడుల్స్‌లో క్యాబేజీ, ఉల్లి, చింతపండు పులుసు, వేయించిన వెల్లుల్లి, మిరప గింజలు వేసి చేత్తో కలిపి ఇస్తారు. నూనె పూత, సన్నటి క్యాబేజీ తరుగు రెండూ ఉండటం వల్ల ఒకేసారి రెండు రకాల పట్టు కావాలి. బండి దగ్గర చెంచా ఇస్తారు, మీ పుల్లలు సంచిలో పెట్టుకుని వెళ్లండి.

పులుసు నూడుల్స్ అయితే ఎడమ చేతిలో లోతు చెంచా ఉంచుకోండి. ఐదారు పోగులు పట్టి గిన్నె మీద 15 సెం.మీ. ఎత్తు లేపితే చిక్కు విడిపోతుంది, వేడీ తగ్గుతుంది. కొసలు చెంచాలో దించి, నోటి దగ్గరికి తెచ్చి, పుల్లల్ని కిందికి జరుపుతూ దఫదఫాలుగా లోపలికి అందించండి. ఫోర్కుకు చుట్టినట్టు పుల్లలకు చుట్టకండి, మొనలు విడిపోతాయి. జపాన్‌లో నూడుల్స్ జుర్రుకుంటూ శబ్దం చేయడం తప్పు కాదు. మనింట్లో పులుసు జుర్రితే వచ్చే చూపు అక్కడ రాదు.

అన్నం దగ్గర చాలామంది నిరాశపడతారు, తప్పు వాళ్లది కాదు. సోనా మసూరిలో అమైలోస్ (ఒక రకం పిండి పదార్థం) పాళ్లు ఎక్కువ, అందుకే మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. జపాన్, కొరియా బియ్యంలో ఆ పాళ్లు తక్కువ, మెతుకులు ముద్దగా అంటుకుంటాయి. పుల్లలతో తినేది ఆ ముద్దనే గానీ మెతుకుల్ని కాదు. ఇంట్లో సాధనకు సోనా మసూరినే ఒక గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి వండి, పది నిమిషాలు మూత తీయకుండా ఉంచండి. లేదా చల్లారిన పొంగల్ తీసుకోండి, నెయ్యి తక్కువ వేసినది. పులిహోరతో ప్రయత్నించకండి, పసుపూ నూనే కలిసి మీ సహనాన్ని పరీక్షిస్తాయి. మొనలు రెండూ 1 సెం.మీ. ఎడంగా ముద్ద కిందికి జొనిపి, కొద్దిగా మూసి, కింది నుంచి మోసినట్టు లేపండి.

గిన్నె నోటి దగ్గరికి ఎత్తుకోవడం చైనా, జపాన్ పద్ధతి. ఎడమ అరచేతిలో గిన్నె, కుడి చేతిలో పుల్లలు. పప్పన్నం, పెరుగన్నం, చారన్నం మాత్రం చేతికే వదిలేయండి. ఆ అన్నాలకు పుల్లలు పనికిరావు, అంతే.

ఆరో పాఠం: స్టీలు పుల్లలు, పదిమంది మధ్య

కొరియన్ భోజనంలో కుడివైపు ఒక చెంచా, దాని పక్కన ఒక జత పుల్లలు ఉంటాయి. అన్నం, పులుసు చెంచాతో. చుట్టూ పెట్టిన చిన్న చిన్న కూరలు పుల్లలతో. గిన్నె బల్ల మీదే ఉండాలి, చేత్తో ఎత్తకూడదు. జపాన్‌లో నేర్చుకున్నది ఇక్కడ తిరగబడుతుంది. చెంచా, పుల్లలు ఒకేసారి చేతిలో ఉంచుకోరు. ఒకటి పెట్టి ఇంకోటి తీసుకుంటారు. బల్ల దగ్గర పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే మిగతావాళ్లు మొదలుపెడతారు.

స్టీలు జారుతుంది, బరువు, మొన సన్నం. అయితే చదునుగా ఉండటం ఒక సౌకర్యం, వేళ్లలో దొర్లదు. రెండు పుల్లలూ ఒకే తీరుగా పట్టండి. ఒకటి పలకగా, ఒకటి అంచు మీద నిలబడి ఉంటే మొనలు గీతలా మాత్రమే తాకి ముక్క తిరిగిపోతుంది. పట్టు చెక్క పుల్లలకన్నా సెంటీమీటరు ముందుకు జరుపుకోండి, మొన వైపు బరువు తక్కువగా తెలుస్తుంది. కొనుక్కునేటట్టయితే మొన దగ్గర గాట్లు ఉన్నవి తీసుకోండి. సాధనకు నువ్వులు చల్లిన మొలకలు, వేయించిన బెండకాయ సరిపోతాయి. కిమ్చీ పెద్ద ఆకుగా వస్తే ఇడ్లీ పద్ధతే.

శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. కిమ్చీలో ఉప్పు రొయ్యలో చేప సాసో పడటం మామూలు. జపాన్ పులుసుల్లో ఎండు చేప రసం ఉంటుంది. ‘కూరగాయలదే’ అన్న జవాబుతో ఆగకుండా ఆ రెండూ ఉన్నాయా అని పేరు పెట్టి అడగండి.

పద్ధతుల్లో రెండు మాత్రం ఎక్కడా తప్పకూడదు. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చి వదలకండి. జపాన్‌లో చనిపోయినవాళ్ల తలాపున అన్నం గిన్నెలో అలా పుల్లలు గుచ్చి పెడతారు. పిండం పెట్టిన తీరు భోజనాల బల్ల మీద ఎవరికి బాగుంటుంది? రెండోది, మీ పుల్లల నుంచి ఎదుటివారి పుల్లలకు ముక్క అందించకండి. దహనం తర్వాత అక్కడ బంధువులు ఎముకల్ని పుల్లలతోనే ఏరి, ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటారు. మన అస్థి సంచయనం తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ముక్క ఇవ్వాలంటే వాళ్ల పళ్లెంలో పెట్టండి.

ఎంగిలి పట్టింపు మనకు ఉన్నదే. వడ్డించుకోవడానికి విడిగా పుల్లలు పెట్టే పద్ధతి చైనాలో ఉంది, 2003లో సార్స్ వచ్చినప్పుడూ 2020లో కొవిడ్ వచ్చినప్పుడూ అక్కడ దీనికి గట్టి ప్రచారమే జరిగింది. విడిగా జత లేకపోతే అడగండి, ఎవరూ తప్పు పట్టరు. పుల్లల్ని తిరగేసి మొదలుతో వడ్డించడం మర్యాద అని కొందరు అనుకుంటారు గానీ, జపాన్‌లో దాన్ని మెచ్చనివాళ్లే ఎక్కువ. మొదలు చేతిలో నలిగిన భాగం కదా.

మిగతావి త్వరగా: ఏ కూర తీసుకోవాలో తేల్చుకోక గిన్నెల మీద పుల్లలు తిప్పడం, మొన నాకడం, పుల్లతో గిన్నె దగ్గరికి లాక్కోవడం, మనుషుల వైపు చూపడం మంచివి కావు. మొనలో 1.5 నుంచి 3 సెం.మీ. మాత్రమే తడవాలన్నది జపాన్ కొలత. తినడం ఆపినప్పుడు జపాన్‌లో మొనలు ఎడమవైపు ఉండేలా అడ్డంగా పెడతారు. చైనా, కొరియాల్లో కుడివైపు నిలువుగా.

ఏడో పాఠం: వంటింట్లో

చైనాలో అన్యాంగ్ దగ్గర షాంగ్ రాజుల రాజధాని శిథిలాల్లో దొరికిన కంచు పుల్లలు సుమారు క్రీ.పూ. 1200 నాటివి. వాటితో తినేవాళ్లు కాదు, వండేవాళ్లని పండితుల అభిప్రాయం. మన వంటింట్లో కూడా పుల్లలు నిజంగా పనికొచ్చేది పొయ్యి దగ్గరే.

వంట పుల్లలు 30 సెం.మీ. పైన ఉండాలి, నూనె సెగ చేతికి తగలదు. రంగు వేయనివే వాడండి. లక్క, ప్లాస్టిక్, మెలమైన్ వేడి నూనెలో పెట్టకూడదు. స్టీలువి వేడెక్కి చేయి కాలుస్తాయి. అప్పడం వేయించేటప్పుడు ఒక పుల్లతో మధ్యలో నొక్కి, రెండోదాంతో అంచు పట్టి తిప్పితే ముడుచుకోదు, రెండు గరిటెలతో తంటాలు పడక్కర్లేదు. మిరపకాయ బజ్జీని తొడిమ దగ్గర పట్టి ఒక్కొక్కటిగా తిప్పొచ్చు. సేమ్యా ఉడికేటప్పుడు పుల్లలతో విడదీస్తే గరిటెతో కలిపినట్టు ముద్ద కట్టదు. నూనె కాగిందో లేదో చూడటానికి పొడి పుల్ల మొన ముంచండి. చెక్కలోని తేమ ఆవిరై మొన చుట్టూ సన్నటి బుడగలు ఆగకుండా లేస్తే బజ్జీ వేయొచ్చు. బుడగలు అరకొరగా వస్తే ఆగండి, ఒక్కసారి భగ్గుమంటే మంట తగ్గించండి. అప్పుడే కడిగిన తడి పుల్ల ముంచితే నూనె చిందుతుంది.

కడగడం చెప్పకపోతే ఇదంతా వృథా. చెన్నై ఉక్కకు చెక్క పుల్లలు ఊరికే బూజు పడతాయి. సింకులో నానబెట్టకండి. తిన్న వెంటనే మెత్తటి స్పాంజితో కడిగి, గుడ్డతో తుడిచి, మొనలు పైకి ఉండేలా, అడుగున చిల్లులున్న గ్లాసులో ఫ్యాను గాలికి పెట్టండి. అడుగు మూసిన డబ్బాలో వేస్తే నీరు నిలిచి మొదళ్లు నల్లబడతాయి. పసుపు మరక వెదురు మీద పోదు, హాని కూడా లేదు. ఆ జతను మన కూరలకు కేటాయించేయండి. పీచు లేచినా, మొన చీలినా, తుడిస్తే పోని నల్ల చుక్కలు కనిపించినా ఆ జతను పారేసి కొత్తది తీయండి.